కొండ మీది చలి

హిమాలయాల్లో కత్తి అంచులాంటి ఒక కొండ వెన్నును చలికాలంలో ఒంటరిగా దాటాలని సుభాషిణి బయల్దేరింది. అప్పటికి ఇంటింటా చేతిపట్టీలు వచ్చేశాయి. ఎంత దూరాన ఉన్నా ఒకరి ఒంటి వేడి, నాడి మరొకరి మణికట్టుకు తెలిసేవి, మాటలూ వినిపించేవి.

భువనగిరిలో కూతురు మైత్రికి జడ వేస్తుండగా ఆమె భర్త గోవర్ధన్ పట్టీ అదిరింది. సుభాషిణి జారిపడి, కాలు విరిగి మంచులో ఇరుక్కుంది. గాలి తగ్గేదాకా డ్రోన్లు ఎగరలేవని రక్షణ కేంద్రం చెప్పింది.

పట్టీ చల్లబడసాగింది.

"బాపూ, అమ్మకు చలి పెడ్తుంది," అంది మైత్రి దాన్ని తాకి.

అతను బకెట్లో వేడినీళ్లు పోసి, పట్టీ ఉన్న చేతిని ముంచాడు. మైత్రి ఆ చేతిని పట్టుకుంది.

పట్టీలోంచి సుభాషిణి గొంతు సన్నగా వినిపించింది. "వెచ్చగుంది. చేతులు తియ్యకుండ్రి."

"తియ్యం. నువ్వు నిద్రపోకు సుభా."

ఆమె మళ్లీ మాట్లాడలేదు. నాడి నెమ్మదించి, కాసేపటికి ఆగిపోయింది. ఆ సంగతి గోవర్ధన్‌కు తెలిసింది, మైత్రికి తెలియలేదు.

"నీళ్లు చల్లగైనయి బాపూ. ఇంకిన్ని కాగబెడ్దామా?"

"కాగబెడ్దాం బిడ్డా," అన్నాడు గాని, నీళ్లలోంచి చెయ్యి తీయలేకపోయాడు.