ఆరు క్లాంపులు

"బాబాయ్, రెండో వైపు కూడా చిత్రిక పట్టమని వాడితో చెప్పు," అన్నాడు తమ్ముడు.

"ఆ వైపు ఎవడు చూస్తాడో అడుగు," అన్నాడు అన్న.

"నేను చూస్తానని చెప్పు. రోజూ."

"బల్ల కింద దూరి చూస్తావట్రా?" అని నవ్వబోయాడు పక్కింటి టైలరు. ఇద్దరూ నవ్వలేదు. అన్న పళ్లు నూరుతూ చెక్కలు తిరగేసి చిత్రిక పట్టాడు.

ఇద్దరి మధ్యా దూరం మూరెడు. మాట మాత్రం టైలరు నెత్తి మీదుగా తిరిగి రావాల్సిందే. రెండేళ్లుగా ఇదే వరస. కలిసుండండ్రా నాయనా అని చెప్పీ చెప్పీ ఆయన నోరు అరిగిపోయింది. ఇవాళ పొద్దున్నే వాళ్లే కబురు పెట్టారు. పట్టుకోడానికి మనిషి కావాలట. ఎగిరి గంతేసి వచ్చాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఐదు టేకు చెక్కలు. తండ్రి దాచిన కర్రలో మిగిలింది అంతే. వాటిని అంచుకు అంచు అంటించి ఒకటే పలక చెయ్యాలి. పనిముట్లు పంచుకున్నప్పుడు చెక్కలు బిగించి పట్టే ఆరు క్లాంపుల్లో చెరి మూడు లాక్కున్నారు. మూడింటికి ఇంత పలక బిగియదు. అందుకే ఎవరి మూడు వాళ్లు చంకలో పెట్టుకొచ్చారు. టేపులు కూడా ఎవరివి వాళ్లవే. ఒకడు కొలిచింది రెండోవాడు నమ్మక మళ్లీ కొలిచాడు.

ఆరున్నర అడుగుల పొడవు. మూడున్నర వెడల్పు. టైలరు కంటితోనే లెక్క కట్టాడు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు కూర్చుని తినొచ్చు. ఆయన ప్రాణం లేచొచ్చింది.

"చీమ దూరే సందు ఉన్నా ఊరుకోనని చెప్పు," అన్నాడు అన్న.

"సందు వస్తే వాడి అంచు వల్లే వస్తుందని చెప్పు."

జిగురు రాశారు. ఇక పది నిమిషాలే గడువు. మూడు క్లాంపులు కింద, మూడు పైన. బిగిస్తుంటే నడిమి చెక్క జారి పైకి లేచింది.

"బిగించరా! చూస్తావేం?"

"బిగిస్తున్నా! నువ్వు వదలకు అన్నయ్యా!"

నాలుగు చేతులూ ఒక్కసారి పడ్డాయి. చెక్క కూర్చుంది. అంచుల్లోంచి జిగురు ముత్యాల్లా పొంగింది. రెండేళ్ల తర్వాత వినబడిన ఆ 'అన్నయ్యా'కి టైలరు కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు క్లాంపులు విప్పారు. ఎవరి మూడు వాళ్లు చంకన పెట్టేసుకున్నారు. పలకను ఎండకు పెట్టి చూస్తే దారమంత వెలుగు కూడా దూరలేదు. ఇన్నేళ్లు గుడ్డలు కుట్టిన టైలరు కూడా అతుకు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాడు.

"బంగారం లాంటి పనిరా! పదండి, ఇంట్లో వేద్దాం," అని తనూ ఓ మూల పట్టాడు.

బల్ల కాళ్లు ఎక్కడ పెట్టారా అని ఆయన ఇల్లంతా వెతుకుతుండగా, అన్నదమ్ములు ఆ పలకను నిలువునా లేపి, తమ రెండు వాటాల మధ్య మిగిలిన ఒకే ఒక్క గుమ్మంలో ఇరికించి, చెరో వైపు నుంచీ మేకులు దిగ్గొట్టారు.