వంటింట్లో ఓటమి

"ఇప్పుడెలా ఉంది?" వంటింట్లోంచి అడిగాడు హోలుబ్.

"ఐదు పరుగులు వెనకబడ్డాం నాన్నా," అంది థెరీసా, వెనకే హాలు తలుపు మూసేస్తూ.

నిజానికి వాళ్ల ఊరి బేస్‌బాల్ జట్టు ఒక పరుగు ముందుంది. అది కప్పు కోసం జరుగుతున్న ఆఖరి ఆట. ఆ కప్పు చివరిసారి ఊరికొచ్చినప్పుడు హోలుబ్ నిక్కర్లు వేసుకునేవాడు. అందుకే థెరీసాకి వణుకు. జట్టు ఓడుతుంటే ఆయన గుండె నిబ్బరంగా ఉంటుంది, జన్మంతా అలవాటైన పని కదా. గెలిచే సూచన కనబడితేనే చెమటలు పడతాయి. కిందటేడు అలా ముందున్నప్పుడే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఇక ఆటలు చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. థెరీసా టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి, తండ్రిని వంటింట్లో క్యాబేజీ సూప్ ముందు కూర్చోబెట్టింది.

ఆ ఇంట్లో "గెలుస్తున్నాం" అనే మాట ఎవరూ అనరు. ఒకసారి ఆట ముగియకుండానే వాళ్లమ్మ ఇక గెలిచినట్టేనని బీరువాలోంచి మంచి గ్లాసులు తీసింది. అవి బల్ల మీదికి చేరేలోపే జట్టు కుప్పకూలింది. పాపం, ఆవిడ పోయేదాకా హోలుబ్ ఆ మాట దెప్పుతూనే ఉన్నాడు. గ్లాసులు మళ్లీ బయటికి రాలేదు.

"గట్టిగా చెప్పవే. వినపడి చావట్లేదు," అంటూ ఆయన చెవిలో మిషను సర్దుకున్నాడు. ఫోనులో ఏది మోగినా నేరుగా చెవిలోకే వినబడే కొత్త రకం అది. పోయిన నెల కూతురే కొనిచ్చింది.

"ఐదు పరుగులు వెనకబడ్డాం!"

"ఆఁ, మంచిది."

పక్కింట్లో ఆట చూస్తున్న గస్ గావుకేక పెట్టాడు. గస్ కుక్క మళ్లీ చెప్పులు కొరికినట్టుందని ఏదో అల్లింది థెరీసా. కుక్కే అయ్యుంటుందని హోలుబ్ వెంటనే ఒప్పేసుకున్నాడు.

ఆమె హాల్లోకి తొంగి చూసింది. ఇంకొక్కడు అవుటైతే కప్పు వాళ్లదే. కానీ అవతలివాళ్లు పరుగు తీయడానికి మూడు బేసుల మీదా కాచుకుని ఉన్నారు. ఒక్క దెబ్బ సరిగ్గా తగిలితే అంతా బూడిదలో పోసిన పన్నీరే. చూడలేక వెనక్కి వచ్చేసింది.

హోలుబ్ చెంచా నోటిదాకా చేరకుండానే ఒరిగిపోయింది. సూప్ చొక్కా మీద ఒలికింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆట ముగిసిందంటేనన్నా ఆయన కుదుటపడతాడనుకుంది థెరీసా.

"అయిపోయింది నాన్నా. ఓడిపోయాం."

ఆయన కళ్లు మూసుకుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఇంకోసారి చెప్పు."

"ఓడిపోయాం."

"ఆపకు తల్లీ."

"ఓడిపోయాం నాన్నా, ఓడిపోయాం..."

పట్టు ఒక్కసారిగా సడలింది. ఆయన చెంపల మీదుగా నీళ్లు కారాయి. ప్రాణం పోతోందనుకుని థెరీసా అంబులెన్సు కోసం ఫోను అందుకుంది.

"అది తర్వాత. ముందు మీ అమ్మ గ్లాసులు తియ్యి."

మతి కూడా పోయిందనుకుని ఆమె నంబరు నొక్కసాగింది. హోలుబ్ చెవిలోంచి మిషను తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

అందులో వాళ్ల జట్టు పేరుతో స్టేడియం హోరెత్తిపోతోంది.