మూడో ఫోను

పాట మళ్ళీ తెగింది.

సరిగ్గా ఎమ్మిగనూరు బస్టాండు ముందే తెగింది. రోజూ అక్కడే తెగుతుంది.

కొత్త స్పీకర్లు వేయించి వారం కాలేదు. జయరాం కారు సెట్టును నోటికొచ్చినట్టు తిట్టాడు. పక్కన కూర్చున్న భార్య రాధిక ఆ తిట్లేవీ వినలేదు. కిటికీలోంచి ఆటోల దగ్గర నిలబడ్డ మనుషులను ఒక్కొక్కరినే చూస్తోంది.

ఆమెను చేనేత సంఘం ఆఫీసులో దింపి, జయరాం ఆదోనికి తిరిగొచ్చాడు. నేరుగా స్పీకర్లు బిగించిన అశోక్ షాపుకు పోయాడు.

అశోక్ కార్లో కూర్చుని సెట్టు తెర మీద వేలితో కాసేపు వెతికాడు.

"స్పీకర్లలో తప్పేం లేదన్నా. కారుతో వచ్చిన సెట్టు అట్లే ఉంచినాం గదా, తిరకాసంతా దాంట్లోనే ఉంది. నీ ఫోను, వదిన ఫోను గాక ఈడ బ్లూటూతులో మూడో ఫోను ఉంది సూడు. మాదన్న అంట."

"ఎవరు మాదన్న?"

"నాకేం తెలుసు? ఆ ఫోను దగ్గరికొస్తే సాలు, సెట్టు నిన్నొదిలి వాన్ని పట్టుకుంటాంది."

జయరాం చెవులు వేడెక్కాయి. ఇంతలో జేబులో ఫోను మోగింది. పేరు లేని నంబరు. అలాంటివి ఎత్తే అలవాటు అతనికి లేదు, చూడకుండానే కట్ చేశాడు.

"తెలీని ఫోను కార్లోకి దానంతటదే దూరుతాదా?"

"యాడ దూరుతాది? కార్లో కూసోని కలపాల్సిందే. తీసేయమంటావా?"

"వద్దు, ఉండనీ. వాని నంబరు దొరికే దావుందా?"

అశోక్ నవ్వాడు. "తెర మీద వాని పేరు పడినప్పుడు సెట్టు మీద నీ నంబరు కొట్టు. కాల్ వాని ఫోన్నుంచే పోతాది. నీ ఫోన్లో వాని నంబరు పడతాది."

జయరాంకు నవ్వు రాలేదు.

తను లేనప్పుడు ఎవడో తన కార్లో కూర్చున్నాడు. పోయిన వానాకాలం రాధిక ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో పడినప్పటి నుంచే కారు తను నడుపుతున్నాడు. అంతకుముందు ఆమె ఒక్కతే ఎమ్మిగనూరు వెళ్ళొచ్చేది. ఒక్కతేనా?

ఆ రాత్రి ఆమె అన్నం వడ్డిస్తూ చిన్నగా నవ్వితే అనుమానం. నవ్వకపోతే ఇంకా అనుమానం. మర్నాడు పొద్దున కొత్త చీర కట్టుకుని కారెక్కేసరికి జయరాం పళ్ళు పటపటా నూరాడు.

బస్టాండు వచ్చింది. పాట తెగింది. తెర మీద మాదన్న పేరు పడింది. రాధిక చూపు మళ్ళీ ఆటోల వైపు పోయింది.

జయరాం కారు పక్కకు ఆపాడు.

"మాదన్న ఎవరు?"

"ఏ మాదన్న?"

"కారుకు తెలిసినోడు నీకు తెలీదా?"

ఆమె తెల్లబోయి చూసింది. జయరాం తెర మీద తన నంబరు కొట్టాడు. చేతిలో ఫోను మోగింది, నంబరు దొరికింది. వెంటనే తన ఫోను కారుకు కలిపి, సౌండంతా పెంచి, ఆ నంబరుకు తిరిగి చేశాడు. వాడు మాట్లాడుతుంటే ఈమె మొహం ఎలా మారుతుందో తన కళ్ళతో చూడాలి.

"హలో" అంటూ నాలుగు తలుపుల్లోంచీ ఒక బొంగురు గొంతు పలికింది.

రాధిక ఉలిక్కిపడింది. జయరాంకు అది చాలు.

"నా కార్లో నీ ఫోనేందిరా?"

"ఏ కారు సార్?"

"తెల్ల కారు. ఆదోని రాధిక కారు."

"ఓ, ఆయమ్మ కారా? ఆయమ్మ బాగుండాదా సార్?"

"నా పెండ్లాం ఎట్లుంటే నీకెందుకురా? ఇంగోసారి నా కారు దరిదాపుల్లో కనబడితే కాళ్ళిరగ్గొడతా!"

"అట్లనొద్దు సార్. ఆటో తోలుకునేవాన్ని. మీకు ఇబ్బందైతే ఇంగ ఈ బస్టాండుకే రాను."

ఫోను కట్టయింది. జయరాం సెట్టులోంచి మాదన్న పేరు తీసేశాడు. నిన్నటి నుంచి మొదటిసారి గుండె తేలికైనట్టనిపించింది. పక్కకు తిరిగితే రాధిక ఏడుస్తోంది.

"మళ్ళీ చెయ్యండి ఆయనకు."

"ఆయనా? అంత మర్యాదనా వానికి?"

ఆమె అతని ఫోను లాక్కుని తనే చేసింది. స్విచాఫ్. తలుపు తీసుకుని ఆటోల వరస దగ్గరికి పరుగెత్తింది. వరసలో ఒక ఆటో పట్టేంత జాగా అప్పటికే ఖాళీగా ఉంది. తిరిగొచ్చి సీట్లో కూలబడింది.

"ఇప్పుడన్నా సెప్పు, ఎవరు వాడు?"

"ఆయన మొగం ఎట్లుంటాదో నాకు తెలీదు. ఇన్నాళ్ళూ ఆ గొంతు కోసమే ఎతుకుతాండాను" అంది రాధిక. "పోయిన వానల్లో ఈ బస్టాండు కాడనే నేను స్టీరింగు మీద పడిపోతే, ఎనక సీట్లో పండబెట్టి, కండ్లు మూయొద్దమ్మా అంటా ఈ కారును ఆసుపత్రి దాకా తోలినోడు. తన ఫోను కారుకు కలుపుకోని, నేను సెప్పిన నంబరుకు దావ పొడుగునా చేస్తానే ఉంటే, ఎవరిదో నంబరని మీరు కట్ చేసినారే, ఆయన."