ఐసులో గుండెగాజు

ఊరందరికీ ఉన్నట్టే చేపలమ్మే మసేనమ్మకీ ఒక గుండెగాజు ఉంది. గుండెకి ఏ ఇబ్బందొచ్చినా అది కనిపెట్టి డాక్టరుకి చెబుతుంది. తెల్లారగట్ల ఐసులో చేపలు సర్దుతుంటే ఆమెకి గుండెల మీద బండ పెట్టినట్టుండేది. గాజు మాత్రం రెండేళ్లలో ఒక్క నొప్పీ పట్టుకోలేదు.

“గ్యాసే. వాము నమలు” అనేవాడు మొగుడు దానయ్య.

ఇవాళ నొప్పి రాగానే గాజు మోగింది. అందులోంచి చిన్న మందుబిళ్ల బయటికొచ్చింది. నాలిక కింద పెట్టుకోగానే బండ దిగిపోయింది.

గాజులోంచి డాక్టరమ్మ గొంతు పలికింది. “చలికి మీ గుండె రక్తనాళం బిగుసుకుంటోంది. పూడిక లేదు, మందులకి లొంగుతుంది. ఇన్నాళ్లూ గాజుకి ఎందుకు దొరకలేదు?”

“గాజుకి నీచు వాసన పట్టుకుంటుందని చేపల దగ్గర తీసేసేదాన్నమ్మా. ఇవాళ మర్చిపోయాను.”

డాక్టరమ్మ నవ్వింది. “ఇక తియ్యకండి. రోజూ మాత్ర వేసుకోండి. ఐసు ముట్టుకోకండి.”

మసేనమ్మ మొహం వెలిగిపోయింది. గాజుని పక్కనే ఉన్న దానయ్య చెవికి ఆనించింది. “గ్యాసు కాదు, గుండేనని ఇంకోసారి చెప్పమ్మా.”

దానయ్య విన్నాడు. వాము పొట్లం జేబులో పెట్టుకుని, పెళ్లయ్యాక మొదటిసారి ఐసులో చేతులు పెట్టాడు.

“ఇంత చల్లగా ఉంటుందా?” అన్నాడు.