సీసా మీది పిల్ల

తిబో గారూ, ఊసినవాళ్లకి కుర్చీలు వేసి, మింగినావిడని బయటికి పంపింది మీరే. ఈ తోటకి మేనేజరు మీరు. ఈ తప్పూ మీదే.

కోతల ఆఖరి రోజు విందు అది. ద్రాక్ష కోసిన మాకూ, వైను కొనడానికి వచ్చినవాళ్లకీ ఒకటే బల్ల.

కొనేవాళ్లు రుచి కోసమని ఎర్ర వైను పుక్కిలించి, మింగకుండా బకెట్లో ఊసి, ఆహా అంటున్నారు.

ఎవరో ముసలావిడ గేటు తోసుకుని వచ్చి వాళ్ల పక్కనే కూర్చుంది.

ఎవరని వంటావిడ సిదొనీ అడిగింది. చిన్నప్పుడు ఇక్కడ కోతకి వచ్చేదాన్ననీ, పోయేలోగా ఇక్కడి సూపు మళ్లీ ఒక్కసారి తాగాలనిపించి బస్సెక్కాననీ చెప్పింది. సిదొనీ గిన్నె నిండా పోసింది.

మీరు అప్పటికే సీసా ఎత్తి, లేబుల్ చూపిస్తూ కథ మొదలుపెట్టారు. రెండు చేతులా గిన్నె ఎత్తి తాగుతున్న పిల్ల బొమ్మ అది. మొహమంతా గిన్నె చాటునే. పాతకాలం దొరగారి కూతురట, పాలు తాగుతోందట. ఎడమ చిటికెనవేలు సగమే ఉందేమని ఒకాయన అడిగితే, బొమ్మ గీసినవాడి తొందర అన్నారు.

ముసలావిడకి నవ్వాగలేదు.

"పాలా? కోతల్లో పాలెవరు పోశారు నాయనా?"

గిన్నెలో సూపు అడుక్కి వచ్చింది. ఆవిడ అదే సీసా అందుకుని, సూపులోకి వంచి, కలిపి, గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. మా వైపు దీన్ని షాబ్రో అంటారు. మా తాతలు సూపు ముగించింది ఇలాగే.

మీ మొహం వైనుకంటే ఎర్రబడింది.

"ఇరవై ఏళ్లు దాచిన వైను, మేడమ్. సూపులో పోస్తారా?"

"మరెక్కడ పోయాలి, బకెట్లోనా?"

బల్లంతా గొల్లుమంది. కొనేవాళ్లలో ఒకాయన తన గిన్నె కూడా ముందుకి జరిపాడు.

మర్యాదగానే పంపించారు లెండి. మోచెయ్యి పట్టుకుని, మేడమ్ మేడమ్ అంటూ.

ఆవిడ మూతి తుడుచుకుని, వైను బాగానే ఉందనీ, సూపులోనే ఉప్పు తగ్గిందనీ చెప్పి వెళ్లిపోయింది.

సిదొనీ వెనకాలే పోయి, గేటు దగ్గర ఆవిడ చేతిలో ఇంత రొట్టె పెట్టింది. తిరిగొచ్చి, సీసా లేబుల్ వైపు చూస్తూ నిలబడిపోయింది.

ఆరింటికి బస్సు. ఆవిడ ఇంకా బస్సు కోసం చర్చి ముందు బెంచీ మీదే ఉంది.

లేవండి తిబో గారూ. కొనేవాళ్లు ఎక్కడికీ పోరు. వేడి సూపు గిన్నె ఒక చేత్తో, సీసా ఒక చేత్తో పట్టుకుని మీరే పరుగెత్తండి, ఆవిడని తీసుకొచ్చి బల్ల మొదట కూర్చోబెట్టండి. నమ్మకం లేకపోతే సీసా పక్కన ఆవిడ ఎడమ చెయ్యి పెట్టి చూడండి, ఆ చిటికెనవేలూ సగమే.