లద్దెలో ఉలవలు

ఒక అడవిలో కోతి ఒకటి రోజూ గుర్రమెక్కి సవారీ పోయేది. గుర్రం దారి నడుమ లద్దె వేసేది. అందులో అరగని ఉలవలుంటాయి కదా, వాటికోసం దారి పక్క పొదలో ఉండే ఒక కౌజుపిట్ట పిల్లలు మూడూ దారిలోకి పరుగెత్తేవి.

"కోతిదొరా, కాస్త దిగి ఆ లద్దె పక్కకు తొయ్యవూ? పిల్లలు చెబితే వినవు. దౌడు మీద వచ్చేవాళ్ళకు కనపడవు" అని బతిమాలింది తల్లిపిట్ట.

"వేసింది నేనా? గుర్రాన్నడుగు."

"ఆగుదామంటే కళ్ళెం మీ చేతిలో ఉంది దొరా" అంది గుర్రం.

"ఊరికే మేపుతుంటే ఏడుపెందుకే పిట్టా!" అంటూ కోతి గుర్రాన్ని అదిలించింది.

సాయంత్రం కోతీ గుర్రమూ ఆ దారినే దౌడు తీస్తూ తిరిగొచ్చాయి. పిల్లలు లద్దె కెలుకుతున్నాయి. తల్లి అరుపు డెక్కల చప్పుడులో వినపడలేదు. రెండు పిల్లలు మళ్ళీ లేవలేదు.

"నడిదారిలో వీటికేం పని?" అంది కోతి, దిగకుండానే.

ఇంటికెళ్ళాక గుర్రం ఉలవలు ముట్టలేదు.

మర్నాడు కోతి మళ్ళీ సవారీకి బయల్దేరింది. దారి నడుమ తల్లిపిట్ట ఒక్కతే, చిట్టికాళ్ళతో లద్దెను ఉండ తర్వాత ఉండ పక్కకు తోస్తోంది. మిగిలిన పిల్ల పొదలోంచి చూస్తోంది.

"చూశావా, తనే చేసుకోగలదు! నిన్న ఊరికే మనల్ని ఆపింది" అంది కోతి గుర్రంతో.