పీర్ల చావిడికి కాపలా

మోటర్‌సైకిల్ దిగినవాడు బూట్లు విప్పి, చావిడి తాళం వంక చూశాడు.

చప్పుడు కాకుండా నడవడానికే విప్పాడనుకున్నాడు లచ్చయ్య.

"పెద్దాయనా, కొత్తగూడెం నుంచి వచ్చిన. పీర్లను ఒకసారి చూడాలె."

లచ్చయ్య మొలతాడుకున్న తాళంచెవిని పంచెలోకి దోపుకున్నాడు.

పులుసులో రెండు మిరపకాయలు ఎక్కువ పడితే, ఎవరు చెప్పి వేయించారని పెళ్లాన్ని ఆరా తీసే మనిషాయన. అయితే ఈసారి కారణముంది. పోయిన నెల పక్క ఊరికి ఇట్లాగే ఒక ప్యాంటు చొక్కా మనిషి వచ్చి, పీర్లను చూసి, ఫొటో తీసుకుపోయాడు. మూడో నాటికి పీర్లు మాయం.

ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో ఒక్క ముస్లిం గడపా లేదు. ఏ కాలంలోనో ఒక ఫకీరు పెద్దపులి మీదెక్కి వచ్చి, ఇత్తడి పీర్లను లచ్చయ్య ముత్తాత చేతిలో పెట్టాడట. ఫకీరు పోయాడు, పులి పోయింది, పీర్లు మిగిలాయి.

మోసేది, మొక్కేది, నిప్పులు తొక్కేది ఊరివాళ్లే. ఫాతెహా ప్రార్థన మాత్రం ముస్లిమే చదవాలి. ఇవాళ పొద్దుగూకేలోగా చదవకపోతే ఈ ఏడు పీర్లు లేవవు.

నలభై ఏళ్లు చదివిన జహంగీర్ సాబు మొన్న ఎండాకాలంలో పోయాడు. పోయేముందు "మనిషిని పంపుత" అని కబురు పెట్టాడు. లచ్చయ్య పొద్దటి నుంచీ ఆ మనిషి కోసమే రోడ్డు చూస్తున్నాడు. ఆకుపచ్చ తలపాగా, తెల్లగడ్డం, చేతిలో నెమలీకల కట్ట.

వీడికేమో నున్నటి గడ్డం, చేతిలో ఫోను.

"పేరేంది?"

"హుస్సేన్."

లచ్చయ్య పకపకా నవ్వాడు. ఆ ఊళ్లో పీర్లకు మొక్కి కన్న పిల్లలందరికీ అదే పేరు.

"నా అల్లుడూ హుస్సేనే, ట్రాక్టరోడూ హుస్సేనే. గా పేరు జెప్పి నన్ను బుట్టల ఏస్తవా బిడ్డా?"

"గట్ల కాదు, మా తాత..."

"మీ తాత ముచ్చట నాకెందుకు? ఈడ పీర్లూ లేవు, గీర్లూ లేవు. ఈ ఏటి నుంచి పండుగ బంద్."

కుర్రవాడి ముఖం వాడిపోయింది.

"మరి నిప్పుల గుండం తవ్విన్రు?"

"అదా? మామిడిచెట్టు పెట్టనీకి. జల్దీ పో!"

కుర్రవాడు గడపను తాకి, వేళ్లు కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

"మంచినీళ్లన్న ఇయ్యకపోతివి," అంది పెళ్లాం నాంచారమ్మ.

"ఇస్తే చెంబు గూడ పోతుండె."

నాలుగు దాటింది. ఐదు దాటింది. తలపాగా రాలేదు. ఊరంతా తలస్నానాలు చేసి, మలీద ప్రసాదం గిన్నెలతో చావిడి ముందు కూర్చుంది. డప్పులు కాగి చల్లారాయి.

లచ్చయ్య జహంగీర్ సాబు ఇంటికి ఫోన్ చేశాడు. సాబు భార్య ఎత్తింది.

"అక్కా, సాబు మనిషిని పంపుతనన్నడు గదా. ఇంక రాకపాయె."



"పండుగ బంద్ జేసిన్రట గదా లచ్చయ్యా? పోరడు వచ్చి జెప్పి, ఏడ్చి, పెట్టిన సెలవు రద్దు జేసుకొని బొగ్గుబాయిల దిగిండు. రాత్రి పదకొండు దాక పైకి రాడు."

"ఏ పోరడక్కా?"

"పానం పోయే ముందు సాబు మంచం పక్కన కూసోబెట్టుకొని, మీ ఊరి కోసమని ఫాతెహా నేర్పింది వానికొక్కనికే, నా మనవడు హుస్సేన్‌కు."